నది వెంట రోడ్డు చదునుగా ఉండదు: లోయ, కొండ కలిసిన 80 కి.మీ. సైకిల్ రూట్‌కి నా సమాధానం

తర్వాత చదివేవాళ్ల కోసం ముందు మీ ప్రశ్నను రెండు ముక్కల్లో చెప్తాను. రెండు నదులు కలిసే చోట బయలుదేరి మొదటి నది వెంట 35 కి.మీ. ఎగువకు వెళ్తారు. అక్కడ ఒక వాగు పక్కనున్న రోడ్డు పట్టుకుని 9 కి.మీ. ఎక్కి కనుమ దాటుతారు. అవతల 12 కి.మీ. దిగి, రెండో నది వెంట 24 కి.మీ. దిగువకు వచ్చి బయలుదేరిన చోటికే చేరతారు. మొత్తం 80. కొండ ఎత్తు 600 మీటర్లు, యాప్ మాత్రం మొత్తం ఎక్కుడు 1,150 మీటర్లు చూపిస్తోంది. చదును రోడ్ల మీద 80 కి.మీ. మూడున్నర గంటల్లో చేస్తున్నారు, కొండలు మాత్రం కొత్త. సైకిలుకి ముందు 50, 34 పళ్ల చక్రాలు (50/34), వెనక 11 నుంచి 28 పళ్ల దాకా (11-28). ఐదు గంటలు చాలుతాయా, "రివర్స్‌లో వెళ్తే ఎక్కడం తేలిక" అని ఒకరు చెప్పిన సలహా వినాలా అని అడిగారు.

ఐదు గంటలు చాలవు. రివర్స్‌లో వెళ్లకండి. వీలైతే వెనక క్యాసెట్ (పళ్ల చక్రాల గుత్తి) మార్చండి. తొందరలో ఉంటే ఇంతవరకు చదివి ఆపేయొచ్చు.

మీ ప్రశ్నంతా కొండ గురించే ఉంది. నాకు మాత్రం ముందు ఇంకో అంకె కంటపడింది. 1,150లోంచి కొండ 600 తీసేస్తే 550 మిగులుతుంది. ఆ 550 మీటర్లు ఎక్కడున్నాయి? నది వెంట రోడ్డే కదా, చదునే కదా అని మీరు లెక్కలో వదిలేశారు. కొండ లోయల్లో కొత్తగా తొక్కేవాళ్లందరూ చేసే పొరపాటే ఇది. నేనూ చేశాను, అదీ ఒకసారి కాదు.

నది చదునుగానే పారుతుంది. పక్కనున్న రోడ్డు అలా పారదు. నది మెలికలు తిరిగేటప్పుడు ఒక ఒడ్డును కోసుకుంటూ పోతుంది, ఎదుటి ఒడ్డున ఇసుక, ఒండ్రు పేరుస్తుంది. పేర్చిన వైపు నేల చదునుగా, వెడల్పుగా ఉంటుంది, అక్కడ రోడ్డు హాయిగా సాగుతుంది. కోసిన వైపు నిలువు గట్టు ఉంటుంది, నీటికీ గట్టుకీ మధ్య రోడ్డుకి చోటు ఉండదు. దాంతో రోడ్డు ఆ గట్టు మీదికెక్కి, అవతల దిగుతుంది. ఒక్కోటి 25, 30 మీటర్లు. వినడానికి ఏమీ కాదు. కానీ అది 6, 7 శాతం వాలుతో (100 మీటర్లు వెళ్తే 6, 7 మీటర్లు ఎక్కేలా) వస్తుంది, అయిపోయిందనుకున్నాక మళ్లీ వస్తుంది.

రెండోది వాగులు. పక్క కొండల నుంచి వచ్చే ప్రతి వాగూ నదిలో కలిసే ముందు తన కోసం ఒక చిన్న లోయ తవ్వుకుంటుంది. రోడ్డు దాన్ని దాటాలంటే వంతెన దాకా దిగి, మళ్లీ ఎక్కాలి. ఒక్కో వాగుకి 15, 20 మీటర్లు.

మ్యాప్ మీద ఈ రెండూ లెక్కపెట్టొచ్చు. ఎత్తు గీతలున్న టోపో మ్యాప్ తీసుకుని పెన్సిల్‌తో కూర్చోండి. రోడ్డును అడ్డంగా కోసే ప్రతి నీలి గీత దగ్గర ఒక చుక్క పెట్టండి. నది రోడ్డును ఒరుసుకుని వంపు తిరిగే చోటల్లా ఒక గుణకారం గుర్తు పెట్టండి. ఉదాహరణకి మొదటి లోయలో 8 చుక్కలు, 5 గుణకారాలు వచ్చాయనుకుందాం. చుక్కకి 20 చొప్పున 160, గుణకారానికి 30 చొప్పున 150. ఎగువకు వెళ్తుంటే నది మట్టమే కిలోమీటరుకి 3 మీటర్లు పెరుగుతుందనుకుంటే 35 కి.మీ.కి మరో 105. కలిపితే 415. రెండో లోయలో 4 చుక్కలు, 2 గుణకారాలు ఉంటే 140. మొత్తం 555. మీ 550 ఇలాగే పుట్టి ఉంటుంది. అంటే కొండ మొదలయ్యేసరికే మీ కాళ్లు 400 మీటర్లు ఎక్కి ఉంటాయి. మీ మనసుకి మాత్రం ఆ సంగతి తెలియదు.

యాప్ చెప్పే ఎత్తును కూడా పూర్తిగా నమ్మకండి. చాలా యాప్‌లు వాడేది ఉపగ్రహాల నుంచో, వ్యోమనౌకల నుంచో కొలిచిన ఎత్తుల పటాన్ని. 2000 ఫిబ్రవరిలో ఎండీవర్ స్పేస్ షటిల్ రాడార్‌తో తీసిన పటం ఇందులో బాగా వాడుకలో ఉంది. అందులో ఒక్కో గడి సుమారు 30 మీటర్లు. ఇరుకు లోయలో 30 మీటర్లు పక్కకి జరిగితే మీరు రోడ్డు మీద కాదు, కొండ చరియ మీద ఉంటారు. యాప్‌కి ఆ తేడా తెలియదు. వంతెన మీద వెళ్తుంటే కింద వాగులోకి దిగి ఎక్కినట్టు, సొరంగంలో వెళ్తుంటే కొండ మీదుగా వెళ్లినట్టు రాసేస్తుంది. గ్రాఫ్‌లో నది పక్కనే 60 మీటర్ల దూరానికి 25 శాతం వాలు కత్తి మొనలా కనిపిస్తే అది అబద్ధం, కొట్టేయండి. గుండ్రంగా, మెల్లగా లేచి పడే చిన్న గుట్టలు మాత్రం నిజం.

రెండు ఒడ్డుల మీదా రోడ్డుంటే ఏది ఎంచుకోవాలి? ఎక్కువ పొడవు పేర్చిన వైపు ఉన్న ఒడ్డు మేలు. పాత రైలు మార్గం ఏ ఒడ్డున పోయిందో చూడటం ఇంకో చిట్కా. రైలు ఇంజన్లు 2 శాతం దాటిన వాలంటేనే ఇబ్బంది పడతాయి కాబట్టి ఆ లైను వేసినవాళ్లు చదునైన దారి కోసం మనకన్నా ఎక్కువ శ్రమపడి వెతికారు. దాని పక్కన పోయే రోడ్డు సాధారణంగా తక్కువ ఎగుడుదిగుడుగా ఉంటుంది. అయితే పెద్ద వాహనాలూ ఆ రోడ్డే ఎక్కుతాయి. 35 కి.మీ. లారీల గాలి తింటూ చదునుగా వెళ్లడం కన్నా, ఎదుటి ఒడ్డున ఇంకో 100 మీటర్లు ఎక్కుతూ ప్రశాంతంగా వెళ్లడమే నాకిష్టం. దీని మీద వాదన పెట్టుకోను. వంతెనలెక్కడెక్కడ ఉన్నాయో మాత్రం తప్పక గుర్తు పెట్టుకోండి. మనసు మారినా, చైను తెగినా, వంతెన లేకపోతే ఎదుటి ఒడ్డు కంటికే తప్ప కాలికి అందదు.

ఇక కొండ. 9 కి.మీ.లో 600 మీటర్లంటే సగటు 6.7 శాతం. లెక్క నిజమే, కానీ ఆ సగటు మీద ఒక్క మీటరు రోడ్డు కూడా ఉండకపోవచ్చు. మీ రోడ్డు వాగు పక్కనే ఎక్కుతోందన్నారు. వాగు కింద మెల్లగా వాలి, పైకి వెళ్లేకొద్దీ నిలువవుతుంది. పక్క నుంచి చూస్తే ఏ వాగైనా దాదాపు ఇదే ఆకారంలో ఉంటుంది. వాగును నమ్ముకున్న రోడ్డు కూడా అదే ఆకారం తెచ్చుకుంటుంది. కాబట్టి మీ కొండ ఇలా ఉండే అవకాశం ఎక్కువ: మొదటి 4 కి.మీ. 4.5 శాతం, తర్వాత 3 కి.మీ. 7 శాతం, ఆఖరి 2 కి.మీ. 10.5 శాతం. ఎత్తులు వరసగా 180, 210, 210. కలిపితే సరిగ్గా 600. సగటు మాత్రం అదే 6.7.

అసలు ఎలా ఉందో మ్యాప్ చెప్పేస్తుంది. 20 మీటర్లకొక ఎత్తు గీత ఉన్న మ్యాప్ అయితే, రోడ్డు ప్రతి 400 మీటర్లకూ ఒక గీత దాటితే 5 శాతం, ప్రతి 200 మీటర్లకూ ఒకటి దాటితే 10 శాతం. పైన గీతలు దగ్గర పడుతున్నాయా లేదా చూసుకోండి.

దీనికి ఉల్టా రకం కొండలూ ఉన్నాయి. హిమానీనదాలు తవ్విన లోయలు అడుగున పళ్లెంలా చదునుగా, పక్కలు గోడల్లా ఉంటాయి. అక్కడ రోడ్డు గోడ ఎక్కాలి కాబట్టి మొదటి మలుపు నుంచే నిలువు. ఫ్రాన్స్‌లో రొమాంష్ నది లోయ నుంచి ఎక్కే ఆల్ప్ దుయెజ్ ఇలాంటిదే: 13.8 కి.మీ., సగటు 8.1 శాతం, 21 హెయిర్‌పిన్ మలుపులు (పూర్తిగా వెనక్కి తిరిగే మలుపులు), వాటికి అంకెలు కూడా వేశారు. దాని కష్టమైన భాగాల్లో ఒకటి మొదట్లోనే, లోయ వదలగానే ఉంటుంది. అలాంటి కొండ మీద మొదట తగ్గి తొక్కాలని ఎవరూ చెప్పక్కర్లేదు, రోడ్డే తగ్గిస్తుంది. వాగు కొండ అలా కాదు. మొదటి 4 కి.మీ. "ఇంతేనా" అనిపిస్తుంది. అక్కడ జోరుగా తొక్కినవాళ్లు ఆఖరి 2 కి.మీ.లో సైకిలు దిగి తోస్తూ కనిపిస్తారు. మొదటి భాగంలో మీరు పక్కనున్న మనిషితో పూర్తి వాక్యాలు మాట్లాడగలగాలి. మాట మధ్యలో ఊపిరి తెగితే వేగం ఎక్కువైనట్టే.

గేర్ల లెక్క చూద్దాం. ముందు 34 పళ్లు, వెనక 28. చక్రం చుట్టుకొలత సుమారు 2.1 మీటర్లు. పెడల్ ఒక చుట్టు తిరిగితే సైకిలు 2.55 మీటర్లు కదులుతుంది. నిమిషానికి 60 చుట్లు తిప్పితే గంటకి 9.2 కి.మీ. మీరూ సైకిలూ నీళ్లూ కలిపి 80 కిలోలనుకుంటే, 6.7 శాతం వాలు మీద దీనికి దాదాపు 150 వాట్లు చాలు. మామూలుగా తొక్కేవాళ్లు గంటసేపు నెట్టుకురాగల శక్తే అది. అదే గేరు, అదే 60 చుట్లు, 10.5 శాతం మీద అయితే 230 వాట్లు కావాలి. చదును మీద 80 కి.మీ.లు కాళ్లాడించే అలవాటున్నా, గంటసేపు ఎక్కాక 230 ఎక్కడినుంచి వస్తుంది? రాదు. అప్పుడు చుట్లు 60 నుంచి 45కి పడతాయి, మోకాళ్ల మీద బరువు పడుతుంది, సైకిలు అటూ ఇటూ ఊగుతుంది. వెనక 34 పళ్ల చక్రం ఉంటే అదే 60 చుట్లకి గంటకి 7.6 కి.మీ., 190 వాట్ల లోపే. ఈ 40 వాట్ల తేడానే తొక్కుకుంటూ పైకి చేరడానికీ, తోసుకుంటూ చేరడానికీ మధ్య ఉన్నది.

అయితే 34 పళ్ల క్యాసెట్ కొనేముందు మీ వెనక డెరైలర్ (చైనును ఒక పళ్ల చక్రం నుంచి ఇంకోదానికి మార్చే భాగం) ఎన్ని పళ్ల దాకా తీసుకుంటుందో చూసుకోండి. పొట్టి కేజ్ (చైనును పట్టి ఉంచే చట్రం) ఉన్న పాత డెరైలర్లు 28, 30 దగ్గరే ఆగిపోతాయి, 32కే చైను పొడవు కూడా మార్చాల్సి రావచ్చు. మెకానిక్‌కి సైకిలు చూపించి అడగడం మంచిది. బయలుదేరే ముందు రోజు రాత్రి మార్చకండి. కొత్త క్యాసెట్ మీద పాత చైను జారితే, అది కొండ మీద నిలబడి తొక్కేటప్పుడే జారుతుంది.

హెయిర్‌పిన్ మలుపుల్లో లోపలి అంచు పొట్టిది, కాబట్టి నిలువుగా ఉంటుంది. ఎదురుగా బండ్లు రావట్లేదని చూసుకుని, మీ వైపు దారిలోనే బయటి అంచుకి దగ్గరగా తిరగండి. రెండు మీటర్లు ఎక్కువ నడుస్తుంది, కానీ మలుపులో ఊపిరి తీసుకునే చోటు దొరుకుతుంది.

ఇప్పుడు రివర్స్ సంగతి. మీ కనుమకి ఒక వైపు 9 కి.మీ.ల నిలువు, ఇంకో వైపు 12 కి.మీ.ల, సుమారు 5 శాతం మెల్లని వాలు. రివర్స్‌లో వెళ్తే తేలిక వైపు ఎక్కుతారన్న మాట నిజమే. ఆ సలహా ఇచ్చినాయన దిగడం గురించి ఆలోచించలేదు. ఎక్కేటప్పుడు కాళ్లు ఆగిపోతే సైకిలు దిగి నడవొచ్చు. నిలువు వాలు మీద దిగేటప్పుడు చేతులు ఆగిపోతే ఏం చేస్తారు?

చేతులు ఆగిపోవడమంటే ఏమిటో తెలియాలంటే ఒకసారి అనుభవించాలి. నా మొదటి పెద్ద దిగుడులో భయంతో రెండు బ్రేకులూ ఎక్కడా వదలకుండా నొక్కి పట్టుకున్నాను. ఐదారు కిలోమీటర్లయ్యాక ఉంగరపు వేలు, చిటికెన వేలు మొద్దుబారాయి. ఒక మలుపు ముందు ఇంకాస్త నొక్కుదామనుకున్నాను, లివర్ కదల్లేదు. కదలనిది లివర్ కాదు, నా వేళ్లు. ఎలాగో పక్కనున్న గడ్డిలోకి పోనిచ్చి ఆగాను. వేళ్లను ఒక్కొక్కటిగా రెండో చేత్తో లాగి విప్పాల్సి వచ్చింది. ముందు చక్రం రిమ్ముని తాకి చూస్తే చురుక్కుమంది.

ఆ వేడి ఎంతో లెక్క కట్టొచ్చు. 80 కిలోలు 600 మీటర్లు దిగితే సుమారు 470 కిలోజౌళ్ల శక్తి ఎక్కడికో పోవాలి. గది వేడిలో ఉన్న లీటరున్నర నీళ్లను ఇంచుమించు మరగబెట్టే వేడి అది. వేగంగా దిగితే చాలా భాగం గాలి తీసుకుంటుంది. భయంతో మెల్లగా దిగితే దాదాపు అంతా బ్రేకులే మింగాలి. కొత్తవాళ్లు మెల్లగానే దిగుతారు, అది తప్పు కాదు. అందుకే కొత్తవాళ్లకి తక్కువ వాలున్న వైపే దిగుడు పెట్టాలి. నిలువు వైపు ఎక్కి, మెల్లని వైపు దిగండి. మీరు మొదట వేసుకున్న దిశే సరైనది.

దిగేటప్పుడు బ్రేకు పట్టుకుని ఉండకండి, పట్టి వదలండి. మలుపు ముందు, సైకిలు ఇంకా నిటారుగా ఉండగానే రెండు బ్రేకులూ గట్టిగా పట్టి వేగం తగ్గించి, మలుపులో వదిలేయాలి. ఒరిగాక పట్టుకుంటే టైరు జారుతుంది. హ్యాండిల్ కింది వంపుల్ని పట్టుకుంటే లివర్ మీద పట్టు ఎక్కువ దొరుకుతుంది, పైనుంచి పట్టుకుంటే వేళ్లు తొందరగా అలిసిపోతాయి. బయటి వైపు పెడల్ కిందికి, బరువంతా దాని మీదికి, చూపు మలుపు అవతలికి. గుంతనే చూస్తూ పోతే గుంతలోకే పోతారు. గంటకి 25 కి.మీ. వేగంలో ఆగడానికి పట్టే దూరానికి 50లో నాలుగింతలు పడుతుంది, వాలు మీద ఇంకా ఎక్కువ. కనిపించే రోడ్డు పొడవులోనే ఆగగలిగే వేగం మీ వేగం. రిమ్ బ్రేకులైతే (చక్రం అంచును పట్టేవి) ప్యాడ్లు ముందే చూసుకోండి, వాన పడితే మొదటి రెండు చుట్లూ అవి పట్టవు. కార్బన్ రిమ్ములతో ఇలాంటి కొండ మొదటిసారి దిగకండి, అల్యూమినియం చక్రాలు వేసుకోండి.

ఇక్కడ కూడా నీళ్ల సంగతే మళ్లీ వస్తుంది. కొండ రోడ్డు లోపలికి మడత తిరిగే ప్రతి చోటా ఒక సన్నని నీటి ధార పైనుంచి దిగుతుంది. ఎండిపోయినా సరే, అది మోసుకొచ్చిన కంకర, ఇసుక, ఆకులు మలుపు లోపలి అంచున మిగిలే ఉంటాయి. చెట్ల నీడ కూడా సరిగ్గా అక్కడే పడుతుంది. ఎండలోంచి నీడలోకి వెళ్లిన ఒక క్షణం కళ్లకేమీ కనిపించదు. నేను పడిన రెండుసార్లూ ఇలాంటి మడతల్లోనే. పెద్ద దెబ్బలు తగల్లేదు కానీ మోచేతి మచ్చ ఇంకా ఉంది. మ్యాప్ మీద నీలి గీత రోడ్డును కోసే ప్రతి చోటా, కొండ మీద కూడా, వేగం ముందే తగ్గించండి.

ఇక గాలి. లోయల్లో గాలికి టైమ్‌టేబుల్ ఉంటుంది. ఎండెక్కేకొద్దీ కొండవాలు వేడెక్కి గాలి పైకి లేస్తుంది, ఆ ఖాళీ నింపడానికి లోయ దిగువ నుంచి ఎగువకు గాలి వీస్తుంది. ఆకాశం తేటగా ఉన్న రోజున పొద్దెక్కాక మొదలై, మధ్యాహ్నం జోరందుకుని, సాయంత్రానికి తగ్గుతుంది. రాత్రి చల్లబడిన గాలి బరువై ఎగువ నుంచి దిగువకు జారుతుంది, తెల్లవారాక కూడా కాసేపు అదే ఉంటుంది. ఇటలీలో గార్దా సరస్సు మీద పడవలవాళ్లు ఈ రెండు గాలులకూ పేర్లే పెట్టుకున్నారు: పొద్దున్న ఉత్తరం నుంచి వచ్చేది పెలేర్, మధ్యాహ్నం దక్షిణం నుంచి వచ్చేది ఓరా. వాళ్ల రోజంతా వాటి ప్రకారమే.

మీకు దీని అర్థం ఏమిటంటే, ఆలస్యంగా బయలుదేరితే ఎగువకు వెళ్లేటప్పుడు గాలి వెనకనుంచి తోస్తుంది, "ఈ రోజు కాళ్లు భలే ఉన్నాయి" అనిపిస్తుంది. కనుమ దాటి రెండో లోయలో దిగువకు వచ్చేసరికి మధ్యాహ్నం రెండవుతుంది, అదే గాలి ఎదురుగా నిలబడుతుంది. నేను ఒకసారి అలాంటి లోయలో దిగువకు వస్తూ 15 కి.మీ. వేగం దాటలేకపోయాను. నది నా వైపే పారుతోంది, రోడ్డు కిందికే పోతోంది, అయినా చదును నేల మీద కన్నా మెల్లగా వెళ్తున్నాను. అంతకన్నా ఉక్రోషం తెప్పించేది ఇంకొకటి లేదు. నది వాలు సైకిలుకి పెద్దగా సాయం చేయదు. జర్మనీలోని పస్సావ్ నుంచి ఆస్ట్రియాలోని వియన్నా దాకా డాన్యూబ్ నది వెంట 300 కి.మీ. దాటిన ప్రసిద్ధమైన సైకిల్ దారి ఉంది. అందరూ దిగువకే తొక్కుతారు. కానీ అంత దూరంలో దిగేది సుమారు 140 మీటర్లు, అంటే కిలోమీటరుకి అర మీటరు కూడా లేదు. ఆ దిశలో సుఖం వాలు వల్ల కన్నా పడమటి నుంచి వీచే గాలి వల్లే ఎక్కువ.

అందుకని తెల్లవారుతూనే బయలుదేరండి. పొద్దున్న దిగువకు జారే గాలి ఎదురైనా పలచగా ఉంటుంది, ఓర్చుకోవచ్చు. మధ్యాహ్నపు గాలి జోరందుకునేలోపు రెండో లోయ దాటేస్తారు. తెల్లవారుజామున చల్లని గాలి లోయ అడుగున పేరుకుని ఉంటుంది, నది మీద పొగమంచు కూడా ఉండొచ్చు. వెనక ఎర్ర లైటు, ముందు తెల్ల లైటు తప్పనిసరి. కొంచెం పైకెక్కాక వెచ్చగా అనిపించి ఆశ్చర్యపోతారు. ఆ తర్వాత మళ్లీ ఎత్తుతో పాటు చల్లబడుతుంది, 1,000 మీటర్లకి సుమారు 6.5 డిగ్రీల లెక్కన. పైన చెమటతో తడిసిన ఒంటితో నేరుగా దిగుడులోకి వెళ్లకండి. జేబులో మడిచి పెట్టుకునే పల్చని జాకెట్ ఒకటి చాలు. చలికి వణికే చేతులతో బ్రేకు వేయడం ఇంకో కష్టం.

టైము లెక్క. నది వెంట 35 కి.మీ.ని గంటకి 20 చొప్పున గంటా 45 నిమిషాలు వేసుకోండి, మీ చదును వేగం 23 ఇక్కడ రాదు. కొండల్లో దూరాన్ని కాదు, ఎత్తును కొలవాలి. కొత్తవాళ్లు గంటకి 500, 600 మీటర్లు ఎక్కుతారు, కాబట్టి కొండకి గంటా పది. దిగుడు అరగంట. ఆఖరి 24 కి.మీ. గాలి లేకపోతే గంటా పది, గాలి ఎదురైతే గంటన్నర దాకా. కలిపితే నాలుగున్నర, ఐదు గంటల తొక్కుడు. ఆగడాలు, నీళ్లు నింపుకోవడం, ఒక పంక్చర్ కలిపితే ఆరు గంటలు. ఇంట్లో ఆరున్నర అని చెప్పి వెళ్లండి. కనుమ దగ్గర ఫోన్ సిగ్నల్ పోతే వాళ్లకి టెన్షన్ ఉండదు.

తిండీ నీళ్ల గురించి పెద్దగా చెప్పడానికేం లేదు. గంటకి అర లీటరు నుంచి ముప్పావు లీటరు నీళ్లు, గంటకి 30 నుంచి 60 గ్రాముల పిండి పదార్థం, ఆకలేసేదాకా ఆగకుండా మొదటి గంట నుంచే. కొండ మొదట్లో రెండు సీసాలూ నిండుగా ఉండాలి. లోయలో నీళ్లు దొరుకుతాయి, కొండ మీద దొరక్కపోవచ్చు.

వెనక్కి తిరిగే చోటును ముందే అనుకుని వెళ్లండి. ఈ రూట్‌లో అది ఒక్కటే: 35వ కిలోమీటరు, కొండ మొదలు. అక్కడిదాకా వచ్చాక అనుకున్న టైముకన్నా 45 నిమిషాలు వెనకబడ్డా, పైన మబ్బు కమ్మినా, మోకాలు లాగుతున్నా వచ్చిన దారినే తిరిగి వెళ్లిపోండి. అది 70 కి.మీ.ల మంచి రైడే. కొండ మధ్యలో, ఆరేడు కిలోమీటర్లు ఎక్కాక ఈ నిర్ణయం ఎవరూ సరిగ్గా తీసుకోలేరు. "ఇంకో రెండే కదా" అనిపిస్తుంది. ఆ రెండే 10.5 శాతం.

వీలైతే ముందు వారం ఎవరి బండి మీదైనా ఆ కనుమ దాటి రండి. వాన పడిన మర్నాడైతే మరీ మంచిది. అవతలి 12 కి.మీ.ల దిగుడులో ఏయే మలుపుల్లో కంకర పడి ఉందో చూసి, దగ్గర్లో ఉన్న కిలోమీటరు రాయి అంకె కాగితం మీద రాసుకోండి. నాకు అలాంటి ఒక కొండ మీద నాలుగు అంకెలు వచ్చాయి. ఇప్పటికీ అక్కడ దిగేటప్పుడు హ్యాండిల్‌కి ఆ చీటీ టేపు వేసి అంటించుకునే వెళ్తాను.